పడిన వస్తువు నాపు బలము

చిత్తూరు, తిరుపతి సీమలయందు జ్యేష్ఠాషాఢ మాసములు మామిడికోతల కాలము. తోతాపురి తోటలలో కూలివారు ప్రొద్దెక్కక మునుపే చెట్టెక్కి కోత మొదలుపెట్టుదురు. చిక్కము కట్టిన దోటితో నెమ్మదిగా దింపిన కాయకొక ధర. కొమ్మనుండి జారి గట్టినేలపై పడిన కాయకు మఱియొక ధర. పడిన కాయ ఆనాడు చూపునకు బాగుగనే యుండును. మాగవేసిన కొలదిదినములకు పడిన ప్రక్క నల్లబడి, మెత్తబడి, తుదకు క్రుళ్లును. తోటగల యింటి యాడువారందఱు నెఱిగిన సంగతియే యిది.

కాని యా కాయను నేల యెంత బలముతో కొట్టినది? అదే కాయ, అదే కొమ్మనుండి, క్రింద నలుగురు పట్టుకొన్న గోనెపట్టాలో పడినచో నేల చెడదు? ఈ ప్రశ్న వేసినచో "ఎత్తునుండి పడినది గదా!" యని పలువురు చెప్పుదురు. ఎత్తు రెండు పట్లను ఒక్కటే. బరువును ఒక్కటే. అయినను ఒక కాయ చెడినది, ఒక కాయ నిలిచినది. కావున కారణము పడుటలో గాక మఱియొక చోట వెదుకవలసి యున్నది. ఆ చోటు ఆగుట. వస్తువు ఎంత యెత్తునుండి పడెనను దానితోపాటు ఎంత దూరములో ఆగెనను సంగతి తెలిసినగాని దెబ్బ యెంతయో లెక్కకు రాదు.

సోదరీమణులారా! శాస్త్రమను మాట విని పుట త్రిప్పవలదు. కూడికయు, భాగహారమును వచ్చిన చాలును. ఈ లెక్క మామిడికాయలతో ముగియదు. బిడ్డ పడుకొను మంచమునకును, మనము ధరించు శిరస్త్రాణమునకును ఇదియే లెక్క.

అప్పు, వాయిదాలు

భూమి ప్రతి వస్తువును తనవైపునకు లాగుచుండును. ఆ లాగుడునకే మనము బరువని పేరిడితిమి. వస్తువు పడుచున్నంతసేపు ఈ లాగుడు దాని వేగమును పెంచుచు, దానియందు శక్తిని కూడబెట్టుచుండును. ఒక మీటరు పడినచో ఒక పాలు, రెండు మీటర్లు పడినచో రెండు పాళ్లు. ఇట్లు పడిన యెత్తునుబట్టి శక్తి పెరుగును. ఇది యొక అప్పువంటిది. వస్తువు నేలను తాకినది మొదలు పూర్తిగా ఆగులోపల ఆ యప్పంతయు తీఱవలెను. తీర్పవలసినది నేల.

ఏడాదిపాటు చేసిన యప్పును నెలనెలకు వాయిదాలుగా తీర్చినచో సంసారము నడచిపోవును. అదే యప్పును ఒక్క దినమున తీర్పుమన్నచో మెడలోని నగ తాకట్టునకు పోవును. మొత్తమొక్కటే, గడువు మాఱుటచే భారము మాఱినది. పడిన వస్తువునకు గడువనగా ఆగుటకు దొరకిన దూరము. గట్టినేల ఆ దూరమును వ్రేలెడంతకూడ నియ్యదు. గోనెపట్టా మూరెడు దూరమిచ్చును.

దీనిని సూత్రముగా చెప్పినచో నిట్లుండును: పడిన యెత్తును, ఆగుటకు పట్టిన దూరమును కూడి, ఆ మొత్తమును ఆగుటకు పట్టిన దూరముచే భాగింపవలెను. వచ్చిన సంఖ్యను వస్తువు బరువుచే హెచ్చవేసినచో ఆపిన బలము సగటున నెంతయో తెలియును. రెండు దూరములను ఏల కూడవలెనన్నచో, వస్తువు ఆగుచున్నప్పుడు గూడ భూమి లాగుట మానదు. ఆ కొంచెము దూరమునకును అప్పు పెరుగుచునే యుండును.

ఇప్పుడు మామిడికాయను లెక్కవేయుదము. కాయ బరువు 250 గ్రాములు, కొమ్మ యెత్తు 5 మీటర్లు అనుకొందము. గట్టినేలపై కాయ నొక్కుకొనుటయు, నేల లొంగుటయు కలిసి 1 సెంటీమీటరు అనుకొందము. 5 మీటర్లనగా 500 సెంటీమీటర్లు. దానికి 1 కూడిన 501. 1 చే భాగించినను 501. అనగా నేల ఆ కాయను దాని బరువునకు 501 ఇంతల బలముతో నెదిరించినది. అది సుమారు 125 కిలోల బరువు! బియ్యపు మూటలు నాలుగైదింటిని కాయపై పేర్చినంత పని.

గోనెపట్టా 50 సెంటీమీటర్లు క్రుంగి కాయను ఆపినదనుకొందము. 500నకు 50 కూడిన 550. 50 చే భాగించిన 11. అనగా 11 ఇంతలే. 2 కిలోల 750 గ్రాములు. ఎత్తు తగ్గలేదు, బరువు తగ్గలేదు, దెబ్బ మాత్రము నలువదియైదింతలు తగ్గినది. దోటి చిక్కము చేయు మేలు మఱియొక విధము. అది పడు నెత్తునే జానెడు చేయును.

ఇదే లెక్కను కాలమునుబట్టియు వేయవచ్చును. 5 మీటర్లు పడిన కాయ వేగము సెకనునకు సుమారు 10 మీటర్లు. ఆ వేగము 1 సెంటీమీటరులో సమముగా తగ్గిపోవుటకు పట్టుకాలము సెకనులో 500వ వంతు. ఊరకయే పడుచున్నప్పుడు ఆ వేగమును సంపాదించుటకు ఒక సెకను పట్టినది. కోల్పోవుటకు 500వ వంతే దొరకినది. కావున బలము 500 ఇంతలు. దారి వేఱైనను చేరిన ఊరొక్కటే. ఆగు కాలమును కొలుచుట కంటితో సాధ్యము గాదు. ఆగు దూరమును, పడిన గుంటను చూచియైనను కొలువవచ్చును. అందుచే గృహిణికి మొదటి దారియే సులభము.

ఒక్క జాగ్రత్త. ఇది సగటు బలము. పరుపువంటివి అణగినకొలది గట్టిపడును. అట్టిచోట తుదిక్షణమున కలుగు బలము సగటునకు రెండింతలు కూడ కావచ్చును. వీథిలో కట్టిన సరాసరి యెండ మిట్టమధ్యాహ్నపు టెండ కానట్లే, సగటు తెలిసినంతమాత్రమున గరిష్ఠము తెలిసినట్లు కాదు.

మట్టిలో పడిన గుండ్లు

ఈ సత్యము లోకమున నిలుచుటకు తోడ్పడినవారిలో ఒక స్త్రీ కలదని మన సోదరీమణులు తెలిసికొనదగును. ఆమె ఫ్రాన్సు దేశస్థురాలు, ఎమిలీ ద్యు షాత్లే. ఆమె 1706లో జన్మించినది. ఆ కాలపు పండితులకొక పెద్ద వాదముండెను. కదలుచున్న వస్తువు సత్తువను ఎట్లు కొలువవలెను? వేగము రెండింతలైన సత్తువయు రెండింతలే యని కొందఱు; కాదు, నాలుగింతలని కొందఱు.

హాలెండు దేశపు పండితుడు గ్రావెసాండె ఇత్తడి గుండ్లను వేఱువేఱు ఎత్తులనుండి మెత్తని బంకమట్టిపై పడవైచి, పడిన గుంటలను పరీక్షించి, 1722లో ఆ ఫలితములను ప్రకటించెను. వేగము రెండింతలైనప్పుడు గుంట రెండింతలు గాక నాలుగింతలైనది. వేగము రెండింతలు కావలెనన్న ఎత్తు నాలుగింతలు కావలెను గనుక, గుంట ఎత్తును అనుసరించినదన్నమాట. ఎమిలీ ఈ పరీక్షల యంతరార్థమును గ్రహించి, 1740లో తాను ప్రకటించిన భౌతికశాస్త్ర గ్రంథములో నాలుగింతల పక్షమునే సమర్థించినది. పారిసు విద్యాపరిషత్తు కార్యదర్శితో బహిరంగముగా వాదమునకు నిలిచినది. ఆ గ్రంథమును ఆమె వ్రాయుటకు మొదటి కారణము తన కుమారునకు శాస్త్రము నేర్పవలెనను కోరికయే. న్యూటను మహాశయుని మహాగ్రంథమును ఫ్రెంచి భాషలోనికి తెచ్చిన దామెయే. 1749లో ప్రసవించిన కొలది దినములకే ఆమె మరణించినది. ఆ యనువాదము పూర్ణముగా 1759లో వెలువడినది.

ఆమె వివరించిన పరీక్షను మన వంటయింటిలోను చేయవచ్చును. వెడల్పు గిన్నెలో రాగిపిండిని అఱచేతి లోతున పోసి చదును చేయుడు. 100 గ్రాముల తూనికరాయిని ఒక మీటరు ఎత్తునుండి విడువుడు. ఎంత లోతు దిగెనో అగ్గిపుల్లతో కొలువుడు. 2 సెంటీమీటర్లు దిగినదనుకొందము. 100కు 2 కూడిన 102. 2 చే భాగించిన 51. అనగా 100 గ్రాముల రాయిని ఆపుటకు పిండి 5 కిలోల 100 గ్రాముల బలమును చూపినది. బడికిపోవు బిడ్డలచేత నీ లెక్క చేయించినచో పుస్తకములోని సూత్రము వారికి ఆటయగును.

దెబ్బయే కావలసినచోట

ఆగు దూరము తక్కువయగుట ఎల్లప్పుడు కీడని తలంపరాదు. మన పూర్వులు దెబ్బ కావలసినచోట దానిని సంపాదించు నుపాయము నెఱుగుదురు. కొఱ్ఱలు దంచు రోకలిని చూడుడు. దాని బరువు రెండున్నర కిలోలు, అది పడు నెత్తు 60 సెంటీమీటర్లు, ధాన్యములో దిగునది 2 సెంటీమీటర్లు అనుకొన్నచో, 31 ఇంతల బలము, అనగా 77 కిలోలకు పైగా, గింజలపై పడును. దంచు చేతి సత్తువ దానికి అదనము. మెత్తని కొయ్య తానే నలిగి దూరమిచ్చును గనుక కొనయందు ఇనుపపొన్ను తొడిగిరి. రోలును రాతితో చేసిరి. గింజ నలుగవలెనన్నచో రోలు నలుగరాదు. మన తల ధాన్యపుగింజ కాదు గనుక, తల విషయమున దీనికి సరిగా వ్యతిరేకముగా చేయవలెను.

ఆకసమునుండి పులికాటు తీరమునకు

ఇంతవరకు మనము మీటర్లతో లెక్కించితిమి. కిలోమీటర్లతో లెక్కించువారును మన జిల్లాలోనే కలరు. 2022 ఏప్రిల్ 4వ తేదీన తిరుపతి జిల్లా యేర్పడినప్పుడు పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమనున్న శ్రీహరికోట ఈ జిల్లాలో చేరినది. అందలి సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రమునుండి రాకెట్లు పైకి పోవుట మనమందఱ మెఱుగుదుము. పైకి పోయినదానిని పగులకుండ దింపుట అంతకు తక్కువ పని కాదు.

2007 జనవరి 10వ తేదీన ఇచ్చటినుండి పోయిన రాకెట్టు 550 కిలోల పేటిక నొకదానిని కక్ష్యయందుంచినది. పండ్రెండు దినములు భూమిని చుట్టి, జనవరి 22వ తేదీన అది మరల క్రిందికి దిగినది. భూమికి 5 కిలోమీటర్ల యెత్తునకు వచ్చునప్పటికి, గాలి యొరపిడిచేతనే దాని వేగము సెకనునకు 101 మీటర్లకు తగ్గినది. అక్కడ చిన్న గొడుగులు, పిమ్మట పెద్ద గొడుగు విచ్చుకొనెను. తుదకది సెకనునకు 12 మీటర్ల వేగముతో శ్రీహరికోటకు తూర్పున బంగాళాఖాతమున పడెను. పడవలవారు దానిని చెక్కుచెదరకుండ తెచ్చిరి.

ఆ 12 మీటర్ల వేగమనగా నెంత? వేగమును దానితోనే హెచ్చవేసి, 19.6 చే భాగించినచో, ఎంత యెత్తునుండి పడినదానికి ఆ వేగము కలుగునో తెలియును. 144ను 19.6 చే భాగించిన 7 మీటర్లకు కొంచెము పైబడి వచ్చును. కక్ష్యనుండి దిగిన పేటిక, తుదకు రెండంతస్తుల మేడనుండి పడిన పేటికయైనది! నీటిలో అది ఒక మీటరు దూరమున ఆగినదనుకొన్నచో బలము బరువునకు ఎనిమిదింతలకు పైగా, సుమారు 4,600 కిలోలగును.

మానవులను పంపుటకై తలపెట్టిన గగనయానమునకు ఇంకను మెత్తని పతనము కావలెను. ఇందుకై 2025 ఆగస్టు 24వ తేదీన వైమానికదళపు పెద్ద హెలికాప్టరు ఒకటి 4.8 టన్నుల నమూనా గదిని శ్రీహరికోట సమీపమున సుమారు 3 కిలోమీటర్ల యెత్తునకు మోసికొనిపోయి విడిచినది. గొడుగులు ఒకదాని వెనుక నొకటి విచ్చుకొని, గది సెకనునకు 8 మీటర్ల వేగముతో నీటిని చేరెను. మన లెక్క ప్రకారము ఆ వేగము మూడుంబాతిక మీటర్ల పతనమునకు సమానము. అనగా ఒంటి మిద్దె యెత్తు. మూడు కిలోమీటర్ల అప్పులో మూడుంబాతిక మీటర్ల అప్పును మాత్రము సముద్రమునకు మిగిల్చి, తక్కినదంతయు గొడుగులు గాలిలోనే వాయిదాలుగా తీర్చినవి. గాలి యడ్డు, గొడుగులు లేవనుకొని, నీటిలో అదే మీటరు దూరమిచ్చినచో బలము 3,001 ఇంతలు. ఇప్పుడది నాలుగింతలకు కొంచెము పైన.

గగనయానపు గదికి గొడుగులు మొత్తము పది. తుదను విచ్చుకొను పెద్దవి మూడు. వానిలో రెండే చాలును, మూడవది యాపద్ధర్మము. ముగ్గురు మనుష్యులు సుఖముగా దిగుటకై ఇంత యేర్పాటు.

మన యింటి లెక్క

ఆ ముగ్గురి తలలవంటివే మన యింటివారి తలలును. ఇప్పుడు గడపలోనికి వత్తము.

పసిబిడ్డను పరుండబెట్టు మంచము 75 సెంటీమీటర్ల యెత్తున్నదనుకొందము. ఇప్పటి యిండ్లలో నేల నున్నని గ్రానైటు. చూచుటకు అద్దము, పడుటకు రోలు. బిడ్డ తల ఆ రాతిపై అరసెంటీమీటరులో ఆగినచో, దాని బరువునకు 151 ఇంతల బలము తగులును. అదేచోట 5 సెంటీమీటర్లు అణగు మందమైన బొంత పఱచియున్నచో 16 ఇంతలు. మంచమునే తీసివేసి నేలపై పఱుపు వేసినచో పడుటకు ఎత్తే యుండదు. ఎత్తు తగ్గించుట మొదటి యుపాయము, దూరము పెంచుట రెండవది. మిద్దె పైనుండి పడువారిని ఏ బొంతయు కాపాడజాలదు. అక్కడ పిట్టగోడయే శరణ్యము. తలకు దెబ్బ తగిలిన బిడ్డ వాంతి చేసికొన్నను, మగతగా నున్నను, ఇంటి వైద్యముతో కాలము గడుపక వెంటనే వైద్యునియొద్దకు కొనిపోవలెను.

ఇక రెండు చక్రముల బండి. తిరుపతి వీథులలో భర్తవెనుకనో, కుమారునివెనుకనో కూర్చుండి గుడికి, బజారునకు, ఉద్యోగమునకు పోవు స్త్రీలు వేలకొలది. ముందు కూర్చున్నవాని తలపై శిరస్త్రాణముండును. వెనుకనున్న యామె తలపై పూలు మాత్రముండును. మోటారు వాహనముల చట్టము నాలుగేండ్లు దాటినవారందఱకును, వెనుక కూర్చున్నవారికి గూడ, శిరస్త్రాణమును విధించినది. చట్టమట్లుండగా లెక్క యేమనుచున్నదో చూతము. బండి నిలిచియున్నను సరే, కూర్చున్నామె ప్రక్కకు ఒరిగినచో తల సుమారు 1.5 మీటర్లు పడును. తల బరువు నాలుగున్నర కిలోలు. తారుబాటపై అరసెంటీమీటరులో ఆగినచో 301 ఇంతలు. సుమారు 1,350 కిలోల బలము. శిరస్త్రాణములోని తెల్లని బెండు 2 సెంటీమీటర్లు నలిగి దూరమిచ్చినచో 76 ఇంతలు, 342 కిలోలు. నాలుగింట మూడుపాళ్లు ఆ రెండు సెంటీమీటర్లే మ్రింగివేసినవి.

దీనినిబట్టి శిరస్త్రాణమును కొనునప్పుడు పరీక్షింపవలసినది పై చిప్ప నునుపును, రంగును మాత్రమే కాదు. లోపల నలుగదగిన బెండు మందముగా నున్నదా లేదా యనునది ముఖ్యము. గుడ్డ, పలుచని స్పాంజి మాత్రము కుట్టినది గట్టి టోపీయే కాని శిరస్త్రాణము కాదు, అది గడువియ్యదు. భారత ప్రమాణముల సంస్థవారి 4151 సంఖ్యగల ముద్రయున్నదానినే కొనవలెను. గడ్డము క్రింది పట్టీని బిగింపవలెను. పడునప్పుడు ఊడి దొరలిపోయినది తలకు దూరమియ్యజాలదు.

ఒకమాఱు గట్టి దెబ్బ తిన్న శిరస్త్రాణమును, పైకి చెడినట్లు కనబడకున్నను, మరల ధరింపరాదు. దానిలోని బెండు నలుగవలసినంత నలిగిపోయినది. ఆ రెండు సెంటీమీటర్లును ఆనాటి యప్పునకే చెల్లిపోయినవి. రెండవమాఱు పడినప్పుడు తీర్చుటకు దానియొద్ద నేమియు మిగులదు. క్రొత్తదాని వెల చూచి వెనుదీయు నింట, ఈ కూడికయు భాగహారమును ఒక కాగితముపై వేసి చూపుడు.